రోడ్డు మీద ఫిరంగి గుండ్లు

పోయిన నెల మా ఫోటోగ్రఫీ క్లబ్ వాళ్లం వైజాగ్ ఆర్కే బీచ్‌కి వెళ్లాం. ఎండ ఎక్కకముందే పని అవ్వాలని తెల్లారకుండానే బయల్దేరాం. టాపిక్ ఒకటే. 1971 యుద్ధంలో మన నేవీ గెలుపుకి గుర్తుగా 1996లో కట్టిన 'విక్టరీ ఎట్ సీ' వార్ మెమోరియల్‌ని బ్లాక్ అండ్ వైట్‌లో తీయాలి. నేనొకటి తీశాను. బాగానే వచ్చింది కానీ ముందుభాగం బోసిగా అనిపించింది. ఎవరో ఎప్పుడో పెట్టి వెళ్లిన బంతిపూల దండ ఒకటి ఓ మూల వాడిపోయి పడి ఉంది. దాన్ని తెచ్చి సరిగ్గా ఫ్రేములో పడేలా పెట్టి ఇంకోటి తీశాను. రెండోది అదిరింది. చూసినవాళ్లంతా దాన్నే మెచ్చుకున్నారు. నాకు మాత్రం లోపల ఏదో గుచ్చుకుంటూనే ఉంది. దండ నేను కొనుక్కొచ్చి పెట్టింది కాదు, అక్కడిదే. జరిపింది పది అడుగులు. అయినా సరే.

ఈ గుంజాటనలో పడి వెతుకుతుంటే దొరికినవాడు రోజర్ ఫెంటన్. సరిగ్గా ఇలాంటి అనుమానాన్నే చచ్చిపోయాక కూడా మోస్తున్న మనిషి. ఫోటోగ్రఫీ చరిత్ర చదివినవాళ్లకి ఈ పేరు కొత్త కాదు. యుద్ధానికి వెళ్లి ఫోటోలు తీసిన తొలితరం వాళ్లలో అందరికంటే ముందు చెప్పే పేరు ఇతనిదే.

ఫెంటన్ 1819లో ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌లో పుట్టాడు. తాత పత్తిమిల్లులు పెట్టి, బ్యాంకు పెట్టి బాగా గడించినవాడు. తండ్రి బ్యాంకరే కాదు, పార్లమెంటు సభ్యుడు కూడా. ఇంట్లో డబ్బుకి లోటు లేదు కాబట్టి మనవాడు ఏది తోస్తే అది చదివాడు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో 1840లో డిగ్రీ అయింది. తర్వాత లా మొదలుపెట్టాడు. మధ్యలో బొమ్మలు వేయడం మీదికి మనసు మళ్లి పారిస్ వెళ్లి పెయింటింగ్ నేర్చుకున్నాడు. రాయల్ అకాడమీ ప్రదర్శనల్లో రెండు మూడుసార్లు చోటు కూడా దొరికింది. అంతకుమించి పేరేం రాలేదు. బ్రాంచి మార్చి బ్రాంచి మార్చి చివరికి వేరే ఫీల్డులో తేలే సీనియర్లు మనకీ ఉంటారు కదా, ఆ టైపు.

1851లో లండన్ హైడ్ పార్కులో జరిగిన గ్రేట్ ఎగ్జిబిషన్‌లో ఫోటోలు చూశాక అతనికి దారి దొరికింది. వెంటనే పారిస్ వెళ్లి గుస్తావ్ ల గ్రే దగ్గర కాగితం నెగటివ్‌ల పద్ధతి చూసొచ్చాడు. మర్నాటి ఏడాదే ఒక ఇంజనీరు వెంట రష్యా ప్రయాణం. చార్ల్స్ విన్యోల్స్ అనే ఆ ఇంజనీరు కీవ్‌లో ద్నీపర్ నది మీద సస్పెన్షన్ బ్రిడ్జి కడుతున్నాడు, ఆ పనికి ఫోటోలు కావాలి. కన్‌స్ట్రక్షన్ సైట్‌కి ఫోటోగ్రాఫర్‌ని పెట్టుకోవడం 1852లోనే మొదలైందన్నమాట. సివిల్ వాళ్లు గమనించగలరు. అటునుంచి మాస్కో, సెయింట్ పీటర్స్‌బర్గ్ కూడా తిరిగి క్రెమ్లిన్ గోపురాలు తీసుకొచ్చాడు. మూడేళ్లు తిరక్కుండా అదే రష్యాతో యుద్ధం వస్తుందని, తను శత్రువు వైపు నుంచి వాళ్ల ఫిరంగుల ముందు నిలబడతానని అప్పుడు అనుకుని ఉండడు.

1853లో లండన్‌లో ఫోటోగ్రాఫిక్ సొసైటీ పెట్టడంలో ముందున్నది అతనే, మొదటి కార్యదర్శీ అతనే. విక్టోరియా రాణి, ఆమె భర్త ఆల్బర్ట్ దానికి పోషకులు. తర్వాత బ్రిటిష్ మ్యూజియం తన వస్తువుల్ని ఫోటోలు తీయడానికి ఇతన్ని నియమించింది. అంటే 1855 నాటికి ఫెంటన్ పైవాళ్లకి బాగా కావలసినవాడు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

క్రిమియా యుద్ధం గురించి రెండు ముక్కలు. ఒకవైపు రష్యా, ఇంకోవైపు టర్కీ, బ్రిటన్, ఫ్రాన్స్, తర్వాత సార్డీనియా. రష్యావాళ్ల నౌకాకేంద్రం సెవస్తపోల్‌ని 1854 అక్టోబరు నుంచి దాదాపు 11 నెలలు ముట్టడించారు. ఆ చలికాలంలో బ్రిటిష్ సైనికులు గుండ్లకంటే కలరాకీ, జ్వరాలకీ, చలికీ ఎక్కువగా చనిపోయారు. టైమ్స్ పత్రిక విలేకరి విలియం హోవర్డ్ రసెల్ ఆ దుస్థితినంతా రాసి పంపుతుంటే లండన్‌లో గోల పుట్టి, 1855 జనవరిలో ఏకంగా ప్రభుత్వమే పడిపోయింది. అంతకుముందే సైన్యం ఒక ఫోటోగ్రాఫర్‌ని పంపింది కానీ, 1854 నవంబరు తుఫానులో బలక్లావా రేవు దగ్గర అతని ఓడ మునిగి మనుషులూ, ఫోటోలూ అన్నీ పోయాయి.

అలాంటి సమయంలో మాంచెస్టర్‌కి చెందిన ఆగ్న్యూ అనే పబ్లిషర్లు ఫెంటన్‌ని పంపారు. వాళ్లకి కావలసింది అమ్ముడుపోయే ఫోటోలు. సేనాధిపతుల ముఖాలు తీసుకొస్తే వాటిని చూసి ఓ పెద్ద పెయింటింగ్ వేయించాలని కూడా ప్లాను. మంత్రిగారి సిఫారసు ఉత్తరాలు, రాజుగారింటి ఆశీస్సులు వెంట ఉన్నాయి. ఇతను తీసేవి ప్రభుత్వాన్ని ఇబ్బంది పెట్టే ఫోటోలు కావని అందరికీ తెలుసు, బహుశా అతనికీ తెలుసు.

సామాను చూస్తే కళ్లు తిరుగుతాయి. అయిదు కెమెరాలు, సుమారు 700 గాజు పలకలు, పెట్టెలకి పెట్టెలు కెమికల్స్, వంటసామాను. వీటన్నిటికీ తోడు ఒక గుర్రబ్బండి. అది అంతకుముందు ఒక వైన్ వ్యాపారిది. దాన్ని డార్క్‌రూముగా మార్చి పక్కన ఫోటోగ్రాఫిక్ వ్యాన్ అని పెద్ద అక్షరాలతో రాయించాడు. సహాయానికి మార్కస్ స్పార్లింగ్ అని మాజీ సైనికుడు, విలియం అని ఒక పనివాడు. 1855 మార్చిలో బలక్లావాలో దిగారు.

డార్క్‌రూముని వెంట లాక్కెళ్లడం ఎందుకంటే అప్పటి పద్ధతి అలాంటిది. గన్‌కాటన్‌ని ఈథర్‌లో, ఆల్కహాల్‌లో కరిగిస్తే వచ్చే జిగురు కొలోడియన్. దాన్ని గాజు మీద సమానంగా పోసి, సిల్వర్ నైట్రేట్‌లో ముంచి, ఆ తడి ఆరకముందే కెమెరాలో పెట్టి, ఫోటో తీసి, మళ్లీ తడి ఆరకముందే డెవలప్ చేయాలి. ఆలస్యమైతే ప్లేట్ పోయినట్టే. ఇదంతా ఊపిరాడని బండిలో, తలుపులు బిగించుకుని, ఈథర్ వాసనలో, చుట్టూ ఈగల మధ్య. ఎండాకాలం వచ్చేసరికి పోస్తుండగానే గాజు మీద కొలోడియన్ ఎండిపోయేది. పొద్దెక్కితే పని బంద్. ఎక్స్‌పోజర్‌కి సెకన్లకి సెకన్లు పట్టేది కాబట్టి కదిలేది ఏదీ పడదు. అంటే యుద్ధానికి వెళ్లాడు కానీ యుద్ధం జరుగుతుండగా తీసే వీలే లేదు. (ఈ వెట్ కొలోడియన్ పద్ధతిని 1851లో కనిపెట్టిన ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ పేటెంట్ తీసుకోలేదు. ఆరేళ్లకి పేదవాడిగానే పోయాడు. ఐపీఆర్ క్లాసులో అతని గురించి చెప్తే బాగుండు.)

ఇంకో సంగతి. ఆ ప్లేట్లకి నీలం రంగు వెలుతురు మాత్రమే బాగా తెలుసు, ఎరుపు దాదాపు కనిపించదు. అందుకే ఫెంటన్ ఫోటోల్లో ఆకాశం ఎప్పుడూ ఖాళీ కాగితంలా తెల్లగా ఉంటుంది, బ్రిటిష్ సైనికుల ఎర్రకోట్లు నల్లబడతాయి. మనం ఫోన్‌లో ఒక్క టచ్‌తో మోనో ఫిల్టర్ పెడతాం, రంగు తీసేస్తున్నాం అనుకుంటాం. అతని కాలంలో ఏ రంగు ఉండాలో ఏది పోవాలో కెమిస్ట్రీ నిర్ణయించేది. పైగా ఆ ప్రింట్లు నిజానికి నలుపు కూడా కావు, పల్చటి టీ రంగు.

నాలుగు నెలల్లోపే ఫెంటన్ సుమారు 360 ప్లేట్లు తీశాడు. ఎక్కువ భాగం మనుషులే. టెంట్ల ముందు కూర్చున్న ఆఫీసర్లు, గుర్రాల పక్కన సైనికులు, టర్కీ సేనాని ఒమర్ పాషా, బ్రిటిష్ సేనాధిపతి లార్డ్ రాగ్లన్. బలక్లావా రేవు, యుద్ధం కోసం హడావుడిగా వేసిన రైలు మార్గం కూడా ఉన్నాయి. చూస్తే పిక్నిక్‌కి వచ్చినట్టు ఉంటారు కొందరు. చాలామంది చరిత్రకారులు ఫెంటన్‌ని తప్పుబట్టేది ఇక్కడే. రసెల్ రాసిన ఆకలి, రోగం, బురద ఈ ఫోటోల్లో లేవు.

లేవన్నమాట నిజం. కానీ ఎందుకు లేవంటే ఒక్క జవాబు సరిపోదని నాకు అనిపిస్తుంది. అతను చూడక కాదు. ఇంటికి రాసిన ఉత్తరాల్లో చాలా ఉంది. అంతకుముందు అక్టోబరులో లైట్ బ్రిగేడ్ అశ్వికదళం ఫిరంగుల మీదికి దూసుకెళ్లి నాశనమైన చోటికి ఫెంటన్ వెళ్లాడు. సగం పూడిన అస్థిపంజరాలు చూశాడు. వాటిలో ఒకటి మోచేతి మీద లేవబోతున్నట్టు ఉందని, తల ఇంకా భుజాల మీదే నిలిచి ఉందని రాశాడు. ఫోటో మాత్రం తీయలేదు. లైటు సరిపోకా? అమ్ముడుపోదనా? పైవాళ్లకి నచ్చదనా? చనిపోయినవాడికి ఇల్లూవాకిలీ ఉంటాయి, వాళ్లు లండన్‌లో గోడ మీద దీన్ని చూడకూడదనా? ఉత్తరం అది చెప్పదు.

చనిపోయినవాళ్లని తీయనివాడు వాళ్ల సమాధుల్ని తీశాడు. ఇంకర్మన్ యుద్ధంలో చనిపోయిన జనరల్ క్యాత్‌కార్ట్‌ని పూడ్చిన గుట్టకి క్యాత్‌కార్ట్స్ హిల్ అనే పేరొచ్చింది. అక్కడ ఆఫీసర్ల సమాధులున్నాయి. ఆ ఫోటోలో నేల, సమాధి రాళ్లు, వెనక దూరంగా మోర్చాలు, పైన ఆ తెల్లటి ఖాళీ ఆకాశం. యుద్ధం ఇంకా నడుస్తూనే ఉంది, ఆ గుట్ట మీద ఇంకా గోతులు తవ్వుతూనే ఉన్నారు. యుద్ధ స్మారకాన్ని ఫోటో తీయడం ఎక్కడ మొదలైందని ఎవరైనా అడిగితే నేనైతే ఆ గుట్టే చూపిస్తాను.

ఇక అసలు ఫోటో. 1855 ఏప్రిల్ 23. సెవస్తపోల్‌కి దగ్గర్లో ఒక లోయ ఉంది. రష్యన్ ఫిరంగి గుండ్లు ఎగిరెగిరి వచ్చి అందులో పడుతుండేవి. సైనికులు దానికి మృత్యులోయ అని పేరు పెట్టారు. (లైట్ బ్రిగేడ్ మీద టెన్నిసన్ పద్యం అప్పటికే అచ్చయింది కాబట్టి చాలామంది రెండు లోయల్నీ కలిపేస్తారు. ఇది అది కాదు.) వ్యాన్ లేతరంగుది, దూరానికి కూడా కనిపిస్తుంది. అందుకని స్పార్లింగ్ ముందే ఓ మాట అడిగాడట, లోయలోకి దిగేముందు బండినీ తననీ ఒక ఫోటో తీయమని, మళ్లీ రెండూ ఉంటాయో ఉండవో అని. ఆ ఫోటో ఇప్పటికీ ఉంది. బండి మీద గడ్డంతో టోపీతో కూర్చుని కనిపిస్తాడు.

ఫెంటన్ ముందు అనుకున్న చోట గుండ్లు సూటిగా పడుతున్నాయి. ఇష్టం లేకపోయినా వంద గజాలు వెనక్కి తగ్గి కెమెరా పెట్టాడు. దాన్ని సరిచేస్తుండగానే ఒక గుండు పక్క కొండకి తగిలి, దొర్లుకుంటూ వచ్చి వాళ్ల కాళ్ల దగ్గర ఆగింది. దాన్ని తీసి బండిలో వేసుకున్నాడు, భార్య గ్రేస్‌కి బహుమతిగా ఇద్దామని. గంటన్నర అక్కడే ఉండి రెండు ఫోటోలు తీసుకుని బతుకుజీవుడా అని తిరిగొచ్చారు.

ఆ రెండు ఫోటోలూ ఒకే చోట నుంచి తీసినవే. ఒకదాంట్లో రోడ్డు ఖాళీగా ఉంటుంది, గుండ్లన్నీ పక్కన కాలువలో, గట్ల మీద ఉంటాయి. ఇంకోదాంట్లో రోడ్డు నిండా గుండ్లే. మనిషి లేడు, గుర్రం లేదు, చెట్టు లేదు. ప్రపంచానికి తెలిసింది ఈ రెండోదే. శవం అన్నది లేకుండా చావుని చూపించిన ఫోటో అని దానికి పేరు.

గుండ్లు రోడ్డు మీదికి ఎవరు తెచ్చారు? ఫెంటనే పరిపించాడని సుసాన్ సోంటాగ్ సహా చాలామంది రాశారు. కాదు, సైనికులు మళ్లీ వాడుకోవడానికి గుండ్లు ఏరుకుపోయారు, కాబట్టి నిండు రోడ్డు ముందు, ఖాళీ రోడ్డు తర్వాత అన్నవాళ్లూ ఉన్నారు. 2007లో డాక్యుమెంటరీ దర్శకుడు ఎరల్ మోరిస్ దీని వెంటపడ్డాడు. క్రిమియా దాకా వెళ్లి ఆ లోయలో నిలబడ్డాడు. నీడల్ని బట్టి టైము కనుక్కోవచ్చనుకున్నారు, తేలలేదు. చివరికి తేల్చింది గుండ్లు కాదు, పక్కనున్న మామూలు రాళ్లు. రెండు ఫోటోల్నీ దగ్గరగా పోల్చి చూస్తే వాలు మీది కొన్ని చిన్న రాళ్లు జరిగాయి. నిండు రోడ్డు ఫోటోలో అవి కిందికి దిగి ఉన్నాయి. మనుషులు అటూ ఇటూ నడిచినప్పుడు కాలు తగిలి రాయి కిందికి జారుతుంది కానీ పైకి ఎక్కదు. కాబట్టి ఖాళీ రోడ్డే ముందు. ఫస్టియర్ ఫిజిక్స్.

అయితే ఆ రాళ్లు వరస మాత్రమే చెప్పాయి. ఎవరి చేతులు, ఏ ఉద్దేశం అన్నది చెప్పలేదు. నాకైతే ఫెంటనే పెట్టించాడనిపిస్తుంది. గుండ్లు నిజమైనవే, ఆ లోయలో పడ్డవే, అతని కాళ్ల దగ్గరికి ఒకటి దొర్లుకొచ్చింది కూడా. ముందు తీసిన ఫోటోలో తను గంటన్నర పడ్డ భయం కనిపించి ఉండదు. ఆ భయాన్ని రోడ్డు మీదికి తెచ్చి ఉంటాడు. దాన్ని అబద్ధం అనడానికి నాకు నోరు రావట్లేదు. నిజం అని కూడా అనలేను. రెండు ప్లేట్లనీ దాచుకున్నాడు, ఒకదాన్ని పగలగొట్టలేదు. కానీ ఏది ముందో ఎక్కడా చెప్పలేదు.

జూన్ 18న సెవస్తపోల్ కోట మీద జరిగిన దాడి ఘోరంగా విఫలమైంది. ఫెంటన్ ఫోటోలు తీసిన వాళ్లలో జనరల్ క్యాంప్‌బెల్ ఆ రోజు చనిపోయాడు. కొద్దిరోజులకే జనరల్ ఎస్ట్‌కోర్ట్ కలరాతో పోయాడు, నెలాఖరుకి రాగ్లన్ కూడా. పిక్నిక్‌లా ఉన్నాయన్న ఆ ఫోటోలు కొన్ని వారాల్లో దండలు వేయాల్సిన ఫోటోలయ్యాయి. అప్పటికే పక్కటెముకలు విరగ్గొట్టుకున్న ఫెంటన్‌కి ఇప్పుడు కలరా కూడా తగిలింది. కోట పడకముందే ఇంటికి బయల్దేరాడు. సెప్టెంబరులో సెవస్తపోల్ పడిపోయాక లోపలి శిథిలాల్ని తీసింది జేమ్స్ రాబర్ట్‌సన్, ఫెలీచే బియాటో. ఈ బియాటోనే 1858లో మన దేశం వచ్చాడు. లక్నో సికందర్ బాగ్‌లో సుమారు 2000 మంది సిపాయిల్ని చంపిన చోట, కొన్ని నెలల తర్వాత, భవనం ముందు ఎముకలు చెల్లాచెదురుగా పడున్న ఫోటో తీశాడు. ఆ ఎముకల్ని కెమెరా కోసమే పరిపించాడని చరిత్రకారులు అంటారు. లోయలో గుండ్లు జరపడానికీ దీనికీ మధ్య గీత ఎక్కడుందో చెప్పడం నా వల్ల కాదు. గీత ఉందని మాత్రం తెలుసు.

లండన్‌లో 1855 సెప్టెంబరులో 312 ఫోటోలతో ప్రదర్శన పెట్టారు. జనం బాగా వచ్చారు. కానీ మర్నాటేడు యుద్ధం అయిపోగానే మోజు కూడా అయిపోయింది, మిగిలిన ప్రింట్లని వేలం వేశారు. జనం మర్చిపోవాలనుకున్నారు. స్మారకం మాత్రం కట్టుకున్నారు. లండన్ వాటర్లూ ప్లేస్‌లో 1861లో నిలబెట్టిన గార్డ్స్ మెమోరియల్‌లోని కంచు సైనికుల్ని సెవస్తపోల్‌లో పట్టుకున్న రష్యన్ ఫిరంగుల్ని కరిగించే పోతపోశారు.

ఫెంటన్ తర్వాత యుద్ధం జోలికి పోలేదు. చర్చిలు, శిథిలమైన మఠాలు, నదులు, పళ్లబుట్టలు తీశాడు. అవి క్రిమియావాటికంటే అందమైనవని నా అభిప్రాయం. 1860లో ఒక్కగానొక్క కొడుకు పసితనంలోనే పోయాడు. ఇంటి పత్తి వ్యాపారం దెబ్బతింది. 1862 అంతర్జాతీయ ప్రదర్శనలో ఫోటోల్ని కళల విభాగంలో కాక యంత్రాలతో కలిపి పెట్టారు. అదే ఏడాది కెమెరాలు, నెగటివ్‌లు అన్నీ అమ్మేసి మళ్లీ లాయరు పనికి వెళ్లిపోయాడు. మొత్తం కలిపి పదకొండేళ్ల ఫోటోగ్రఫీ. 1869 ఆగస్టు 8న పాటర్స్ బార్ అనే ఊళ్లో చనిపోయాడు, 50 ఏళ్లకి. అక్కడి చర్చి ఆవరణలో పూడ్చారు. గత శతాబ్దంలో ఆ చర్చిని కూల్చినప్పుడు సమాధి కూడా పోయింది.

అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1944లో ఫెంటన్ బంధువుల దగ్గర కొన్న 263 ప్రింట్లని ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. పెద్ద సైజులోనే దిగుతాయి. క్యాత్‌కార్ట్స్ హిల్ ఫోటో తెరిచి ఎంత జూమ్ చేస్తే అంత చూడొచ్చు.

నా విషయానికొస్తే, క్లబ్ పోటీకి రెండు ఫోటోలూ పంపాను, ఏది ముందు తీశానో, దండ ఎక్కడ నుంచి తెచ్చానో కింద రాసి. ఒకరికి ఒక్క ఎంట్రీయే, ఏది ఉంచాలో నువ్వే చెప్పు అని గ్రూపులో మెసేజ్ వచ్చింది. మూడు రోజులైంది. ఇంకా జవాబివ్వలేదు.